తలుపు అద్దంలోని గడియారం

మా మరదలు రాసిన కాగితంలో పదిహేడు వాక్యాలున్నాయి. పదహారు నిజాలు. చివరిదొక్కటి అబద్ధం. అది అబద్ధమని ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

కాగితం తెచ్చి నా ఒళ్ళో పడేసి, "చూసిపెట్టు వదినా. రోజుకో పుస్తకం నమిలేస్తావుగా, తప్పులుంటే దిద్దు," అని మరదలు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా తమ్ముడు పోయి అయిదు నెలలైంది. ఈ ఆదివారం వాగు దారిలో వాడి జ్ఞాపకంగా ఒక సిమెంటు బెంచీ వేస్తున్నారు. ఇంటి తరఫున ఎవరో ఒకరు ఒక పేజీ చదవాలని లైబ్రేరియన్ వచ్చి అడిగి వెళ్ళాడు. మరదలు ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పిన మనిషి. మొగుడి గురించి కూడా నది గురించి రాసినట్టే రాసింది. ఎక్కడ పుట్టాడు, ఎటు పారాడు, ఎంతమందికి పనికొచ్చాడు.

పదిహేడో వాక్యం ఇది: "ఊరందరి పళ్ళూ గుర్తుపెట్టుకున్న ఆ మనిషి, చివరి రోజున తాను ఎటు వెళ్తున్నదీ గడియారంలో చూపించి వెళ్ళాలన్న ఒక్క సంగతి గుర్తుపెట్టుకోలేదు, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళున్నారన్న ధ్యాస ఆయనకు లేకపోయింది."

ఆ వాక్యం మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాను. వంటింట్లో కుక్కరు మూడుసార్లు కూసింది.

"ఏం, తప్పులున్నాయా?" అక్కణ్ణుంచే కేక వేసింది.

"రెండో పేరాలో ఒక వత్తు పడలేదు," అన్నాను.

నా మీద నాకే అసహ్యం వేసింది. డెబ్బై నాలుగేళ్ళ దాన్ని, నిజం చెప్పాల్సిన చోట వత్తులు దిద్దుతున్నాను.

ఆ గడియారం సంగతి చెప్పాలంటే ముందు వాడి సంగతి చెప్పాలి.

మా తమ్ముడు ఈ ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు పళ్ళ డాక్టరు. చదువవగానే పెద్ద ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నాలుగు నెలలకే పెట్టె సర్దుకుని వచ్చేశాడు. "ఏరా, ఏమైంది?" అంటే, "అక్కడ కిటికీ తీస్తే ఇంకో కిటికీ కనిపిస్తోందక్కా," అన్నాడు. అంతే కారణం. కారణమంటే నలుగురికి చెప్పుకునేలా ఉండాలి కదా! వాడు పుట్టినప్పటి నుంచీ నేను నలుగురికి చెప్పుకోలేని పనులే చేశాడు.

ఇంటి ముందు గదినే ఆసుపత్రి చేశాడు. పళ్ళ డాక్టర్లు కుర్చీని తమ చేతికి అనువుగా వేసుకుంటారు. వీడు కిటికీకి ఎదురుగా, కొండ కనిపించేలా వేయించాడు. వంగి వంగి పనిచేసి నడుము పోగొట్టుకున్నాడు. "అటు తిప్పించరా," అని నేను మొత్తుకుంటే, "నోరు తెరుచుకుని కూర్చున్నవాడికి చూడ్డానికి ఏదన్నా ఉండాలి కదక్కా. నా ముక్కులో వెంట్రుకలు ఎంతసేపని లెక్కపెడతాడు?" అనేవాడు.

చిగుళ్ళు మొద్దుబారే ఇంజక్షను ఇచ్చాక పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలూ వాడు పెరట్లోకి వెళ్ళి గోడ మీద వాలిన పిట్టల్ని చూసేవాడు. చూస్తూ చూస్తూ గోడ దూకేవాడు. ఒకసారి బ్యాంకు క్యాషియరు అలా ముప్పావు గంట కూర్చున్నాడు. చివరికి లేచి వచ్చి సగం నోటితో నన్ను తిట్టాడు. ఏం తిట్టాడో నాకూ అర్థం కాలేదు, ఆయనకూ అర్థం కాలేదు.

రోగులను లోపలికి పిలవడం, వేడినీళ్ళలో పరికరాలు మరిగించడం, చీటీలు రాయడం నా పని. నేను బడికి వెళ్ళలేదు. వాడు డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ పైకి చదువుతుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నాను. ఆ తర్వాత వాడి పళ్ళ పుస్తకాలు, ఆ తర్వాత లైబ్రరీలో దొరికినవన్నీ.

అందరూ దవడల అచ్చులు తీసే ప్లాస్టరుతో వాడు జంతువుల అడుగుల అచ్చులు కూడా తీసేవాడు. తడి నేలలో అడుగు కనిపిస్తే చాలు, అక్కడే గిన్నెలో ప్లాస్టరు కలిపి పోసి, గట్టిపడేదాకా కాపలా కూర్చునేవాడు. లోపలి చిన్న గదిలో అలమార నిండా అవే. పై అరల్లో ఊరి దవడలు, కింది అరల్లో అడవి పాదాలు. చోటు చాలక రెండూ కలిసిపోయాయి. క్యాషియరు తన కొత్త పళ్ళకోసం వచ్చినప్పుడు, "వీటిలో నాదేది, నక్కదేది?" అని వెటకారంగా అడిగాడు. "నడిచేది నక్కది, కొరికేది మీది," అన్నాడు మావాడు. ఆయన నవ్వాడు. నవ్వనివాళ్ళు కూడా ఉండేవాళ్ళు. వాళ్ళకి సర్దిచెప్పుకోవడం కూడా నా పనే.

నా బాధ రోగుల గురించి కాదు. వాడు గడప దాటిన ప్రతిసారీ, తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని.

మా అమ్మ ఆసుపత్రికి జీపెక్కుతూ, "ఇప్పుడే వస్తా, తమ్ముణ్ణి చూసుకో," అంది. నాకు పదకొండు, వాడికి రెండు. అమ్మ రాలేదు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు మా ఆయన సంచి చంకన పెట్టుకుని, "ఇప్పుడే వస్తా," అని స్టేషనుకు వెళ్ళాడు. ఆయనా రాలేదు. ఎక్కడో బతికే ఉన్నాడని తర్వాత ఎవరో చెప్పారు. పోయాడంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. బతికే ఉన్నాడంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ రెండు ముక్కలు ఎవరి నోట విన్నా నాకు చెవుల్లో రొద మొదలవుతుంది. తమ్ముడు కూడా రోజూ ఆ రెండు ముక్కలే అనేవాడు. చేతిలో కర్ర, భుజాన సంచి, "ఇప్పుడే వస్తానక్కా."

ఒకరోజు చీకటి పడేదాకా రాలేదు. వీధిలో సగంమందిని కొండ మీదికి తోలాను. వాడు మాత్రం వెనక గుమ్మంలోంచి తాపీగా వచ్చి, "ఏంటి, ఎవరన్నా తప్పిపోయారా?" అన్నాడు.

ఆ మర్నాడే హాల్లో చెడిపోయి వేలాడుతున్న గడియారాన్ని దించాను. "దీని పేగులు తియ్యి," అన్నాను. వాడు లోపలి యంత్రం తీసేశాడు. అంకెలు అలాగే ఉంచి, వాటి చుట్టూ కాగితం అంటించి నేనే రాశాను: లోపల, కొండ, వాగు, మడుగు, అడవి, ఊళ్ళో. చిన్న ముల్లు ఎక్కడికో చెప్పాలి. పెద్ద ముల్లు ఎన్ని గంటలకు తిరిగి వస్తాడో చెప్పాలి. దాన్ని వీధి తలుపు అద్దం వెనక, బయటికి కనిపించేలా తగిలించాం. లోపలివైపు కూడా అవే మాటలు రాసి, రెండు వైపులా ముళ్ళు కలిసి తిరిగేలా చేశాడు. ఎదురింటి దర్జీకి మిషను దగ్గర కూర్చుంటే అది సూటిగా కనిపిస్తుంది. పెద్ద ముల్లు చెప్పిన వేళకు అరగంట దాటితే అతను సైకిలు తియ్యాలి. ఇదీ కట్టడి.

ఇరవై రెండేళ్ళు ఆ గడియారంతో బతికాం. దర్జీ మూడుసార్లు సైకిలు తీశాడు. ఒకసారి వీడు మడమ బెణికి దొరికాడు, ఒకసారి చెట్టు కింద గుర్రు పెడుతూ దొరికాడు, ఒకసారి మేకలవాడి పన్ను పీకుతూ దొరికాడు. "నీ గడియారం అడవిలో కూడా నా వెంట పడుతోందక్కా," అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే తిప్పేవాడు. జ్వరంతో వెళ్ళినా, కోపంతో వెళ్ళినా, వీధి చివరికి వెళ్ళినా. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తిప్పకుండా గడప దాటలేదు.

ఈ మాట నేను చెప్పాలి. చెప్పకుండా అయిదు నెలలు గడిపాను.

ఆ రోజు సంగతికి వస్తాను.

ఊళ్ళో పెద్ద వీధిలో కొత్తగా ఒక పళ్ళ ఆసుపత్రి పెట్టారు. గాజు తలుపులు, చల్లటి గది, పైన నవ్వుతున్న పన్ను బొమ్మ. మా వీధిలోకి వచ్చిన రోగులు అద్దంలోంచి గడియారం చూసి, "ఓహో, వాగుకెళ్ళారా," అని అటు నుంచి అటే ఆ బొమ్మ దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. దాని మీదే ముందు రోజు సాయంత్రం, మరదలు ఇంట్లో లేనప్పుడు, వాడికీ నాకూ మాటామాటా వచ్చింది. వాగు ఒడ్డున చేపలు తినే నీటికుక్క అడుగు చూశానని, పొద్దున్నే వెళ్ళి అచ్చు తియ్యాలని వాడు చంకలు గుద్దుకుంటున్నాడు.

"పోరా, ఆ నీటికుక్క పళ్ళే పీక్కో," అన్నాను.

"దాని పళ్ళు బాగానే ఉన్నాయక్కా. మనుషులవే పుచ్చిపోతున్నాయి."

పొద్దున ఏడున్నరకు సంచిలో ప్లాస్టరు డబ్బా, గిన్నె, నీళ్ళ సీసా పెట్టుకున్నాడు. నా ఎదురుగానే చిన్న ముల్లు వాగు మీదికి, పెద్ద ముల్లు పది మీదికి తిప్పాడు. "పదికల్లా వచ్చేస్తానక్కా. ఆ చిన్నపిల్ల దవడపన్ను ఉందిగా," అన్నాడు. నేను మొహం తిప్పుకుని పరికరాలు తుడుస్తున్నాను. పలకలేదు. ఎవరు ఏ మాట అని గడప దాటారో జీవితమంతా లెక్కపెట్టుకున్న దాన్ని, ఆ రోజు వాణ్ణి ఒక్క మాట లేకుండా పంపించాను.

మరదలు కళ్ళద్దాలు మార్పించుకోవడానికి తెల్లారే పక్క ఊరు వెళ్ళింది. తొమ్మిదిన్నరకు బుగ్గ వాచిన చిన్నపిల్లను తీసుకుని తల్లి ముందుగానే వచ్చింది, వెనకే బడి బస్సు డ్రైవరు. ఇద్దరూ మెట్ల మీదే ఆగి అద్దంలోకి తొంగి చూశారు. ఆ తల్లి వెనక్కి తిరగబోయింది. నాకు తిక్క రేగింది. తలుపు దగ్గరికి వెళ్ళి, చిన్న ముల్లును ఒక్క వేలితో 'లోపల' మీదికి తోసేశాను. తలుపు తీసి, "రండి రండి, వచ్చేశారు, లోపలే ఉన్నారు, చేతులు కడుక్కుంటున్నారు," అన్నాను.

వచ్చి కూర్చున్నారు. పది అయింది. పదీ పది అయింది.

"అక్కగారూ," అన్నాడు డ్రైవరు, "డాక్టరుగారు చేతులే కడుక్కుంటున్నారా, తలంటుకుంటున్నారా?"

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తల్లి నన్నొక చూపు చూసి పిల్లను ఎత్తుకుంది. ఇద్దరూ ఆ పన్ను బొమ్మ దగ్గరికే పోయారని చెప్పక్కర్లేదు.

ఎప్పుడూ నాకు భయం వేసేది. ఆ ఒక్కరోజు కోపం వచ్చింది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే వీధిలోకి పరిగెత్తే దాన్ని, ఆ రోజు మాత్రం, 'రానీ, ఖాళీ గదిని చూసుకుని ఏడవనీ, ఈసారి నేను ఎక్కడున్నానో వాడు వెతుక్కోనీ,' అనుకున్నాను. సంచిలో లైబ్రరీ పుస్తకం వేసుకుని వెళ్ళిపోయాను. ముల్లు సంగతి మర్చిపోయాను. ఆ ముల్లును నేను మర్చిపోయాను, వాడు కాదు.

లైబ్రరీలో ఒక నవల తీసి కూర్చున్నాను. తల ఎత్తేసరికి ఒంటిగంట. కథ బాగుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది.

పదిన్నరకు దర్జీ తల ఎత్తి చూశాడట. ముల్లు లోపల అంది. మళ్ళీ కుట్టుకున్నాడు. పదకొండుకు మరదలు వచ్చింది. ముల్లు లోపల అంది. అచ్చుల గది తలుపు వేసి ఉంది. ప్లాస్టరు కలిపినప్పుడు పిలిస్తే వాడికి చిర్రెత్తుకొస్తుంది కాబట్టి పిలవలేదు. కొత్త అద్దాలతో పేపరు చదువుకుంది.

నేను ఇంట్లో అడుగుపెట్టగానే, "ఆయన్ని భోజనానికి పిలు వదినా, నేనొచ్చినప్పటి నుంచీ ఆ గదిలోంచి కదల్లేదు," అంది.

గది తలుపు తీశాను. బల్ల ఖాళీ.

"అదేంటి! ముల్లు లోపలే ఉందిగా! మరెటు వెళ్ళినట్టు?" మరదలు నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడే చెప్పాల్సింది. "వాగు వైపే అయ్యుంటుంది," అన్నాను. "నాకెందుకో అలా అనిపిస్తోంది."

దర్జీ సైకిలు మీద వెళ్ళాడు. తమ్ముడు వాగు ఒడ్డున రాతి పక్కన దొరికాడు. గుండె, అన్నాడు వచ్చిన డాక్టరు. "ప్రాణంతో ఎంతసేపు ఉన్నారో చెప్పలేను. వెంటనే మాత్రం కాదు." బూట్లు విప్పి పక్కపక్కనే పెట్టుకున్నాడట. సంచి తలకింద పెట్టుకున్నాడట. పోసిన ప్లాస్టరు గట్టిపడి ఉందట. ఎవరో ఒకరు వస్తారని తెలిసిన మనిషే అలా పడుకుంటాడు.

ఆ రాత్రి కాదు, ఆ వారం కాదు, ఈ అయిదు నెలలూ వీధి వీధంతా నన్ను పొగిడింది. "అక్కగారికి తమ్ముడంటే ప్రాణం. చూడకుండానే వాగు అని చెప్పేసింది." మరదలు కూడా, "నీ మనసుకి తెలిసింది వదినా, లేకపోతే పొద్దుపోయేదాకా అక్కడే ఉండేవాడు," అని నా భుజం మీద తలపెట్టింది. ఆ తర్వాత మొగుడి మీద కోపం తెచ్చుకుంది. ఫోటోకు వెనక్కి తిరిగి కూర్చునేది. గడియారాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "ఆయన వదిలేసి వెళ్ళినట్టే ఉండనీ. ఇల్లంటే ఎంత లక్ష్యమో వచ్చేపోయేవాళ్ళు చూడనీ." రోజూ నేను ఊడ్చే గుమ్మంలో, నా ఎదురుగా, నా వేలు తోసిన చోటే ఆ ముల్లు.

చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు ఎవరూ లేరు. ఆ ఇల్లిప్పుడు మరదలిది. ఈ భూమ్మీద నన్ను 'వదినా' అని పిలిచే గొంతు ఒక్కటే మిగిలింది. ఆమె కూడా గడప దాటిపోతే? లేదా నన్నే దాటమంటే? అందుకే ప్రతిసారీ తెరిచిన నోరు మూసుకున్నాను. పళ్ళ డాక్టరు ఇంట్లో ఇంత పుచ్చును నోట్లో పెట్టుకుని తిరిగిన మనిషి ఇంకొకరు ఉండరు.

కానీ ఇప్పుడు అది కాగితం మీదికెక్కింది. ఆదివారం అందరి ముందూ చదువుతారు. అప్పుడిక వాడు మతిలేనివాడు, ఇంటిమీద ధ్యాస లేనివాడు అన్నది ఖాయమైపోతుంది.

కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"పదిహేడో వాక్యం తీసెయ్యి."

"ఎందుకు? నిజమేగా?"

"నిజం కాదు."

"పోయినవాళ్ళని పొగడాలి కాబట్టా? బళ్ళో పిల్లలు మర్చిపోతే బెంచీ ఎక్కించాను. ఈయన మర్చిపోతే ఈయన పేరుమీద బెంచీ వేస్తున్నారు. ఒక్క వాక్యం కూడా అనకూడదా? తమ్ముడని నువ్వెప్పుడూ వెనకేసుకొస్తావు."

"వెనకేసుకురావడం కాదే. తిప్పింది నేను."

"ఏం తిప్పావు?"

"ముల్లు. వాడు వాగు మీదే పెట్టాడు. పెద్దది పది మీద పెట్టాడు. రోగులు వెనక్కి పోతున్నారని నేనే లోపలికి తోశాను. తోసి, లైబ్రరీకి పోయాను."

ఆమె పొయ్యి ఆపింది. "నీకు అనిపించిందన్నావుగా."

"అనిపించలేదు. చూశాను."

మరదలు చేతిలో గరిటె కడిగింది. కడిగిన గరిటెనే మళ్ళీ కడిగింది. తర్వాత నా వైపు తిరగకుండానే అంది: "అయిదు నెలలు ఆయన్ని తిట్టాను. నీ పక్కనే కూర్చుని తిట్టాను. నువ్వు విన్నావు."

"విన్నాను."

"నోట్లో ఏం పెట్టుకున్నావు వదినా?"

కాగితం గట్టు మీద పెట్టి బయటికి వచ్చేశాను.

మూడు రోజులు మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, నాతో మాత్రం మాట్లాడలేదు. చెప్పాల్సినవి గోడకు చెప్పేది. "అన్నం చల్లారిపోతోంది, తినేవాళ్ళుంటే తినొచ్చు." నేను కూడా గోడకే జవాబు చెప్పాను. రెండో రోజు సంచి సర్దుకున్నాను. ఎక్కడికో తెలియదు. గుమ్మం దాకా వెళ్ళాక, 'ఇప్పుడే వస్తా' అన్న మాట నా నాలుక చివరికి వచ్చింది. వెనక్కి వచ్చి సంచి విప్పేశాను.

శనివారం పొద్దున స్నానం చేసి ముందు గదిలోకి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మరదలి చెప్పులు లేవు. పోయింది, ఒక్క ముక్క చెప్పకుండా పోయింది, అనుకున్నాను. అప్పుడు తలుపు వైపు చూశాను.

అయిదు నెలలుగా కదలని ముల్లు కదిలింది. చిన్నది వాగు మీద. పెద్దది తొమ్మిది మీద.

కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాను. తొమ్మిది అయింది. తొమ్మిదింబావు. తొమ్మిదిన్నరకు దర్జీ మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. "అక్కగారూ! ముల్లు వాగు మీదుంది! ఎవరెళ్ళారు?"

"మా మరదలు."

"అరగంట దాటింది. సైకిలు తియ్యనా?"

"వద్దు. నేను వెళ్తాను."

"మీరా? వాగు వైపు వీధి చివర దీపస్తంభం దాటి ఎప్పుడన్నా వెళ్ళారా మీరు?"

"దారి చెప్పవయ్యా, నా చరిత్ర తర్వాత చెబుదువుగాని."

నా చెప్పులు ఎక్కడ పెట్టానో కనిపించలేదు. గుమ్మం పక్క తమ్ముడి పాత రబ్బరు చెప్పులు వేసుకుని బయల్దేరాను. అవి నా కాలికంటే రెండు వేళ్ళు పెద్దవి. అడుగు తీసినప్పుడల్లా వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టినట్టు మోగాయి.

దీపస్తంభం దాటాక మట్టి దారి. ముళ్ళ పొదలు, రాళ్ళు, ఎండిన గడ్డి. దీనికోసమా? నన్ను ముప్పై ఎనిమిదేళ్ళు గుమ్మంలో నిలబెట్టింది ఈ గడ్డా? కుక్క మొరిగితే ఆగాను. పొదలో ఏదో కదిలితే ఆగాను. తీగ మీద చిన్న పిట్ట ఒకటి తోక పైకీ కిందికీ ఊపుతూ నన్ను చూసింది. ఒంటిమీద పసుపు, కంటి దగ్గర నల్ల గీత. దాని పేరు నాకు తెలియదు. తమ్ముడు పక్కన ఉన్నంత కాలం, 'అదేం పిట్టరా?' అని ఒక్కసారి అడగలేదు. ఎప్పుడొస్తావని మాత్రం అడిగాను. ఇప్పుడు అడుగుదామంటే ఎవరున్నారు?

వాగు కనిపించింది. మేస్త్రీలు దింపిన సిమెంటు బెంచీ దారి పక్కన ఉంది. మరదలు బెంచీ మీద లేదు. నీళ్ళ అంచున ఉన్న రాతి పక్కన, నేల మీద కూర్చుంది. చెప్పులు విప్పి పక్కపక్కనే పెట్టుకుంది.

నన్ను చూసి లేవలేదు.

"పెద్ద ముల్లు ఎంత మీద పెట్టాను?"

"తొమ్మిది మీద."

"ఇప్పుడెంత?"

"పది కావస్తోందేమో."

"అరగంటకు రావాలి కదా కట్టడి? గంట అయింది."

"చెప్పులు దొరకలేదు. దారి తెలీదు. నాకు డెబ్బై నాలుగేళ్ళు."

"ఆయనకు అరవై అయిదే," అంది.

నేను రాయి పట్టుకుని మెల్లగా పక్కన కూలబడ్డాను. ఆమె జరగలేదు.

"తొమ్మిది దాకా బాగానే ఉంది వదినా," అంది నీళ్ళను చూస్తూ. "తొమ్మిదిన్నర దాటాక మొదలైంది. ఆకు కదిలితే నువ్వే అనుకున్నాను. మేక వస్తే నువ్వే అనుకున్నాను. ఇక్కణ్ణుంచి చూస్తే దారి ఆ మలుపు దాకే కనిపిస్తుంది. మనిషి మలుపు తిరిగేదాకా వస్తున్నట్టు తెలియదు." ఆగింది. "ఆయన ఆ మలుపే చూస్తూ ఉండి ఉంటాడు. దర్జీ సైకిలు గంట కోసం."

ఏడవాలనుకున్నాను. ఏడుపు రాలేదు, నేను కూడా ఆ మలుపు వైపే చూశాను.

"నాకు ఇది తెలియాలని వచ్చాను," అంది. "నీకు కూడా తెలియాలని ముల్లు తిప్పాను. క్షమించేశానని మాత్రం అనుకోకు."

"అనుకోను."

"ఆయన్ని అన్న మాటలు నేను వెనక్కి తీసుకోవాలి. ఎవరి దగ్గర తీసుకోను? ఆ ఒక్కటి మాత్రం నేను నిన్ను..." ఆ మాట పూర్తిచేయలేదు. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది, గిన్నె తోమినట్టు.

చివరికి నేనే అడిగాను. "కాగితం ఏం చేస్తావు?"

"నేనేం చెయ్యను. నువ్వు చేస్తావు. పదహారు నావి. పదిహేడోది నువ్వు రాయి. ఉన్నది ఉన్నట్టు. రేపు నువ్వే చదువు, అందరి ముందూ."

"వీధంతా ఉంటుందే."

"పొగిడింది కూడా వీధంతానేగా?"

చదువుతాను. ఇరవై రెండేళ్ళలో మా తమ్ముడు ముల్లు తిప్పకుండా ఒక్కసారి కూడా ఇల్లు కదల్లేదని, చివరి రోజున కూడా తిప్పాడని, దాన్ని మళ్ళీ తిప్పింది వాడి అక్క అని. గొంతు వణికితే వణకనీ. ఆ డ్రైవరూ ఆ చిన్నపిల్ల తల్లీ కూడా వస్తారు. విననీ.

లేచాం. అంటే ఆమె లేచింది, నన్ను లేపింది. నా కాళ్ళ వైపు చూసి, "ఇవి ఆయన చెప్పులు," అంది. తిడుతుందనుకున్నాను. "పడతావు. వేళ్ళు బిగించి నడువు," అంది అంతే.

దారంతా నాలుగడుగులు ముందే నడిచింది. "కాస్త ఆగవే," అంటే, "రా రా, అరగంట దాటితే సైకిలు పంపిస్తాను," అంది. వెనక్కి మాత్రం తిరగలేదు. మలుపు దగ్గర తీగ మీద ఆ పిట్ట ఇంకా తోక ఊపుతూనే ఉంది. "అదేం పిట్ట?" అని అడిగాను. "నాకేం తెలుసు? నేను చెప్పింది భూగోళం," అంది. లోపలి గదిలో వాడి పిట్టల పుస్తకం ఉంది. ఇంటికి వెళ్ళాక చూడాలి.

దర్జీ మిషను ఆపి, మేమిద్దరం మెట్లెక్కేదాకా నిలబడి చూశాడు. మరదలు తలుపు తీసి, గడియారాన్ని దాటుకుని నేరుగా లోపలికి వెళ్ళిపోయింది. ముల్లు ఇంకా వాగు మీదే ఉంది. నా చెయ్యి దానంతటదే లేచింది. లేచి, గాలిలో ఆగింది. అయిదు నెలల క్రితం ఇదే వేలు.

ఆమె హాలు మధ్యలో ఆగి నన్ను చూసింది.

"తిప్పు," అంది. "ఈసారి మనిషి లోపలికి వచ్చారో లేదో చూసుకుని తిప్పు."